తీగల సంధి



జీవితమంతా సవర్ణదీర్ఘ సంధులూ గుణసంధులూ చెప్పుకున్న తెలుగు పండితునికి కంప్యూటరు తీగలతో పనేమిటని మీరు నవ్వుకోవచ్చు. అయినా ఈ టపా తీగల గురించే. దానికి కారణం మా ఇంటి బీరువాలో పాతబట్టల మూట కింద ఇరవై యేళ్ళు నిద్రపోయిన ఒక నీలిరంగు పెట్టె. అరచేతికి కాస్త పెద్దది. దాని వెనుక నుంచి బొటనవేలంత లావు తీగ. ఆ తీగ కొసన ఇరవై అయిదు సూదులున్న వెడల్పాటి మూతి. మా మనవడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తాతయ్యా, దీన్ని దేనికి గుచ్చాలి?" అన్నాడు. ఇంట్లో మూడు కంప్యూటర్లున్నాయి. ఒక్కదానికీ ఆ మూతి పట్టే ద్వారం లేదు.

ఆ పెట్టెను జిప్ డ్రైవ్ అనేవారు. నూరు మెగాబైట్ల పళ్ళెం ఒకటి అందులో పట్టేది. ఆ పళ్ళెంలో మా పెద్ద పండితులవారు ముప్ఫయ్యేళ్ళు తెనాలి చుట్టుపక్కల పొలాల గట్ల మీద కూర్చుని ఏరి తెచ్చిన సేద్యపు మాటలున్నాయి. కాడి, మేడి, కర్రు మొదలుకొని, ఏ నిఘంటువుకూ ఎక్కని మాటల వరకు రెండువేల నాలుగువందల పైచిలుకు. ఆయన నోట్‌పుస్తకాల నుంచి 1998 వేసవి సెలవుల్లో నేనే కొట్టి పెట్టాను. "జాగ్రత్తగా దాచవోయ్, నా కళ్ళు మూతపడ్డా మాటలు మిగలాలి" అన్నారు. దాచాను. 2004లో ఆయన వెళ్ళిపోయారు. నోట్‌పుస్తకాలు అంతకు ముందే చెదలపాలయ్యాయి. నేను పదవీ విరమణ చేసి బీరువా తెరిచేసరికి, దాచిన మాటలైతే ఉన్నాయి, వాటిని చేరే దారి లేదు.

ఆ దారి ఎలా మూసుకుపోయిందని వెదుకుతూ పోతే దొరికిన చరిత్ర ఇది. సాంకేతికులైన మిత్రులు తప్పులుంటే దిద్దగలరు.

సంధి అనే మాటకు మనకు రెండర్థాలు. వర్ణాల కలయిక ఒకటి, రాజుల ఒడంబడిక మరొకటి. రెండు యంత్రాలను కలపడానికి రెండర్థాలూ కావాలి. మొదట మూతికి మూతి సరిపడాలి. తరువాత ఏ సూదిలో ఎంత విద్యుత్తు వస్తే ఏమని అర్థమో ఇద్దరికీ తెలియాలి. ఆపైన ఎవరు ముందు పలకాలి, ఎవరు ఆగాలి అన్న మర్యాద కుదరాలి. ఈ మూడింటినీ కాగితం మీద రాసుకుని పదిమంది తయారీదారులు ఒప్పుకుంటే దాన్ని ప్రమాణం అంటారు.

అటువంటి ఒడంబడికల్లో చిరకాలం బతికినది 1960లో అమెరికా ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం వెలువరించిన ఆర్‌ఎస్-232. అప్పటికి ఇంటి కంప్యూటరన్న ఊహే లేదు. దూరముద్రణ యంత్రాన్ని టెలిఫోను తీగకు కలిపే మోడెముతో జోడించడానికి దాన్ని రాసుకున్నారు. అందులో అక్షరం తునకలై, ఒక్కొక్క బిట్టుగా, ఒకే తీగ మీద ఒకదాని వెనుక ఒకటి నడుస్తుంది. అందుకే దాన్ని సీరియల్ ద్వారమన్నారు. 1969లో దిద్దిన ప్రతి ప్రకారం సెకనుకు 20 వేల బిట్లు దాని హద్దు. మోడెం కోసం పుట్టిన ఆ ద్వారానికే తరువాతి కాలంలో మౌసు తగిలించారు, తూకపు యంత్రాలు తగిలించారు, ప్రయోగశాల పరికరాలు తగిలించారు. కర్మాగారాల్లో అది నేటికీ కొలువులోనే ఉంది.

రెండవ ద్వారం కథ ఇంకా చిత్రమైనది. 1970లో సెంట్రానిక్స్ అనే అమెరికా సంస్థ ఒక ప్రింటరు చేసింది. అక్షరానికుండే ఎనిమిది బిట్లనూ ఎనిమిది తీగల మీద ఒకేసారి పంపితే వేగం పెరుగుతుంది కదా అని ఆలోచించారు. ఎనిమిది బిట్లు పక్కపక్కన నడుస్తాయి కనుక అది పారలల్ ద్వారమయింది. దానికి ఏ మూతి పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. సెంట్రానిక్సుకు మాతృసంస్థ వంటి వాంగ్ లేబొరేటరీస్ గిడ్డంగిలో పాత గణనయంత్రాల కోసం కొని మిగిలిపోయిన 36 కొసల మూతులు సుమారు 20 వేలు పడి ఉన్నాయట. వాటినే బిగించారు. ఆ మిగులు సరుకే లోకానికి ప్రమాణమై కూర్చుంది. 1981లో ఐబీఎం తన పీసీని విడుదల చేసినప్పుడు కంప్యూటరు వైపున 25 రంధ్రాల మూతిని పెట్టింది గాని, ప్రింటరు వైపున ఆ 36 కొసల మూతే నిలిచింది. మన బడి ఆఫీసుల్లో కర్రుకర్రుమంటూ జీతాల బిల్లులు అచ్చువేసిన సూదుల ప్రింటర్లన్నీ ఆ గిడ్డంగి సరుకు వారసులే. శాస్త్రాలన్నీ తర్కం మీద నిలుస్తాయని పిల్లలకు చెప్పినవాణ్ణి. కొన్ని మిగిలిపోయిన సామాను మీద కూడా నిలుస్తాయని ఇప్పుడు తెలిసింది.

1980, 90 దశకాల్లో కంప్యూటరు వెనుకభాగం తిరునాళ్ళలా ఉండేది. కీబోర్డుకు గుండ్రని అయిదు సూదుల మూతి. 1987లో ఐబీఎం పీఎస్/2 యంత్రాలతో దాన్ని చిన్నది చేసి ఆరు సూదులు పెట్టింది. మౌసుకూ అచ్చం అటువంటిదే పెట్టడంతో ఒకదాని బదులు ఒకటి గుచ్చి తలబాదుకోవడం అందరికీ అనుభవమయింది. 1990ల చివరకు గాని కీబోర్డుకు ఊదారంగు, మౌసుకు ఆకుపచ్చ అని రంగుల ఏర్పాటు రాలేదు. ఆపిల్ సంస్థ 1986 నుంచి తన కీబోర్డులకు వేరే మూతి పెట్టుకుంది. పెద్ద డిస్కులకూ స్కానర్లకూ స్కజీ అనే మరొక ప్రమాణం 1986లో ఖాయమయింది. దానిలో ప్రతి పరికరానికీ చేత్తో ఒక సంఖ్య ఇవ్వాలి, గొలుసు రెండు కొసలకూ ముగింపు బిరడాలు బిగించాలి. ఒకటి మరిస్తే మొత్తం గొలుసు మూగవోతుంది.

మూతుల గొడవ ఒకటైతే లోపలి గొడవ మరొకటి. పరికరం కంప్యూటరును పిలవడానికి ఒక గంట ఉంటుంది. ఆ గంటలు పదహారే. మొదటి, మూడవ సీరియల్ ద్వారాలకు వాడుకలో నాలుగో గంటే, రెండవ, నాలుగవ ద్వారాలకు మూడో గంటే. మౌసూ మోడెమూ ఒకే గంటకు చిక్కితే, ఫోను కలపగానే మౌసు బిగుసుకుపోయేది. కార్డుల మీది చిన్న చిన్న బిళ్ళలు పీకి మార్చి, యంత్రాన్ని ఆర్పి వెలిగించి, దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి.

మా ఇంటి సంగతి కూడా అదే. ఉన్నది ఒక్క పారలల్ ద్వారం. దానికి ప్రింటరు. హైదరాబాదులో ముద్రణాలయం నడిపే మా తమ్ముడు, "అన్నయ్యా, ఫ్లాపీలను నమ్ముకుంటే మాస్టారి మాటలు బూజు పడతాయి" అని ఈ జిప్ డ్రైవ్ తెచ్చి ఇచ్చాడు. దాని వీపున మరొక ద్వారం ఉండేది. కంప్యూటరుకు డ్రైవ్, డ్రైవ్ వీపుకు ప్రింటరు. ఒక నాడు తొందరలో మూతిని ఒరగా తోసి రెండు సూదులు వంచాను. రైలు దిగి వచ్చి తమ్ముడే చిమటాతో నిలబెట్టాడు. ఆ వంకర నేటికీ కనిపిస్తుంది.

ఈ తంటాలు నావి మాత్రమే కావు. వడోదర మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికా వెళ్ళి, ఇంటెల్ సంస్థలో చేరిన అజయ్ భట్ అనే ఇంజనీరు ఇంట్లోనూ అదే తంతు. కూతురి బడిపని ఒకటి అచ్చువేయడానికి ఇంటిల్లిపాదీ పడిన అవస్థ తనను ఆలోచింపజేసిందని ఆయన ముఖాముఖిలలో చెప్పారు. గోడకున్న విద్యుత్తు ప్లగ్గులా ఏ పరికరాన్నైనా ఒకే మూతితో తగిలించలేమా అన్నది ఆయన ప్రశ్న. బాలా సుదర్శన్ కదంబి మొదలైన సహచరులతో కలిసి పని మొదలుపెట్టారు. ఒక్క సంస్థ మాట చెల్లదని తెలిసి, 1994లో కాంపాక్, డెక్, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఎన్‌ఈసీ, నోర్టెల్ అనే ఏడు సంస్థలు ఒక చోట కూర్చున్నాయి. 1996 జనవరిలో యూఎస్‌బీ మొదటి ప్రతి వెలువడింది.

దాని నడత చూస్తే మర్యాద తెలిసిన సభలా ఉంటుంది. నాలుగే తీగలు. రెండు విద్యుత్తుకు, రెండు మాటలకు. విద్యుత్తు కొసలు కాస్త పొడవు, మాటల కొసలు కాస్త పొట్టి. అందువల్ల గుచ్చగానే ముందు ఒంట్లోకి సత్తువ వస్తుంది, తరువాతే మాట కలుస్తుంది. అన్నం పెట్టి ఆపైన కుశలం అడిగే ఇల్లాలి పద్ధతి. పరికరం తనంత తాను నోరు విప్పదు. కంప్యూటరు అడగాలి, అది చెప్పాలి. కొత్తగా వచ్చినది మొదట సున్నా సంఖ్య ఆసనంలో కూర్చుంటుంది. కంప్యూటరు దానికి 1 నుంచి 127 లోపల ఒక సంఖ్య ఇచ్చి, నీవెవరు, నిన్ను చేసినదెవరు, నీ వర్గమేది అని అడుగుతుంది. నేను కీబోర్డును, నేను ప్రింటరును, నేను నిలువ పెట్టెను అని అది తన ప్రవర చెప్పుకుంటుంది. ఆ ప్రవరను బట్టి తగిన పనివాణ్ణి లోపలి నుంచి పిలుస్తారు. గంటల తగువు లేదు, బిళ్ళలు పీకే పని లేదు.

మౌసు, కీబోర్డు వంటి నిదానస్తులకు సెకనుకు 15 లక్షల బిట్లు, తక్కినవారికి 120 లక్షల బిట్లు అని రెండు వేగాలు పెట్టారు. ఖర్చు తగ్గించడానికి మూతిని ఒకవైపే పట్టేలా చేశారు. రెండువైపులా పట్టాలంటే తీగలూ వలయాలూ రెట్టింపై ఖరీదు పెరిగేదని భట్ తరువాత వివరించారు. ఒకసారి గుచ్చి, పట్టక, తిప్పి గుచ్చి, మళ్ళీ తిప్పే మన అలవాటుకు మూలం ఆ పొదుపే.

పుట్టగానే పట్టాభిషేకం కాలేదు. రెండేళ్ళ పాటు ద్వారాలున్న కంప్యూటర్లున్నాయి గాని తగిలించే పరికరాలు లేవు. 1998 ఏప్రిల్‌లో షికాగోలో జరిగిన కామ్‌డెక్స్ ప్రదర్శనలో, విండోస్ 98 గొప్ప చూపడానికి బిల్ గేట్స్ సమక్షంలోనే ఒక స్కానరును యూఎస్‌బీకి తగిలించారు. తెర నీలంగా మారి యంత్రం కుప్పకూలింది. సభ గొల్లుమంది. అందుకేనేమో ఇంకా అమ్మకానికి పెట్టలేదని గేట్స్ సరదాగా సర్దుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో ఆపిల్ ఐమాక్ అంగడికి వచ్చింది. పాత ద్వారాలన్నీ మూసేసి, ఫ్లాపీ కూడా తీసేసి, యూఎస్‌బీని నిలబెట్టింది. వేరే దారి లేక తయారీదారులు అటు కదిలారు.

అప్పటికే 1995లో ప్రమాణమైన ఫైర్‌వైర్ అనేదొకటి ఉంది. సెకనుకు 40 కోట్ల బిట్ల వేగం, యూఎస్‌బీకి ముప్ఫై రెట్లకు పైన. వీడియో కెమెరాలకు అదే దిక్కు. కాని దాన్ని వాడే ప్రతి పరికరానికీ పావు డాలరు రాయల్టీ ఉండేది, వలయాల ఖర్చూ ఎక్కువ. యూఎస్‌బీవారు రాయల్టీ అడగలేదు. 2000 ఏప్రిల్‌లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగాన్ని 48 కోట్ల బిట్లకు పెంచాక తూకం ఒకవైపు ఒరిగిపోయింది. పండితుడు గెలవని చోట పదిమందితో కలిసేవాడు గెలిచాడు.

ఇక్కడ నాకొక సందేహం వచ్చింది. ఎనిమిది తీగల మీద ఒకేసారి నడిచేది వేగం కావాలి గాని, ఒక్క జంట తీగ మీద వరుసగా నడిచేది వేగమెట్లా అయింది? తెలిసిన పూర్వ విద్యార్థి ఒకడు వివరించాడు. పక్కపక్కన పరుగెత్తే ఎనిమిదిమందీ ఒకేసారి గీటు దాటాలి. నెమ్మదిగా నడిచినంతసేపూ ఇబ్బంది లేదు. వేగం పెంచేకొద్దీ ఒకడు ముందు, ఒకడు వెనుక అవుతారు. చివరివాడు వచ్చేదాకా అందరూ ఆగాలి. పైగా పక్క తీగల సవ్వడి ఒకరిదొకరికి అంటుతుంది. ఒంటరి వరుసలో ఆ బెడద లేదు గనుక ఎంతైనా పరుగెత్తవచ్చు. అందుకే కంప్యూటరు లోపలి డిస్కుల తీగలు కూడా 2003 తరువాత పారలల్ నుంచి సీరియల్‌కు మారాయి. 1960 నాటి తాత పద్ధతే వేరే వేషంలో తిరిగి వచ్చిందన్నమాట.

2000 చివరలో 8 మెగాబైట్ల పెన్‌డ్రైవులు అమ్మకానికి వచ్చాయి. అయిదు ఫ్లాపీల సరుకు వేలెడంత పుల్లలో. మా నీలిపెట్టెకు ఆనాడే నూకలు చెల్లాయని నాకు తెలియలేదు. 2008లో యూఎస్‌బీ 3.0 వేగం సెకనుకు 500 కోట్ల బిట్లయింది. 2014లో ఎటు తిప్పినా పట్టే 24 కొసల సీ-రకం మూతి వచ్చింది. ఐరోపా సమాఖ్య 2022లో చట్టం చేసి, 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లన్నీ దానితోనే చార్జి కావాలంది, ల్యాప్‌టాపులకు 2026 ఏప్రిల్ 28 గడువు పెట్టింది. ఆపిల్ తన ఫోన్లలో 2023లోనే మారింది. మన వ్యాకరణంలో సంధి కొన్నిచోట్ల నిత్యం, కొన్నిచోట్ల వైకల్పికం. ఐరోపాలో మూతి నిత్యమయింది. తీగ మాత్రం ఇంకా వైకల్పికమే. చూపుకు ఒకే రకంగా ఉన్న రెండు సీ-రకం తీగల్లో ఒకటి సెకనుకు 4000 కోట్ల బిట్లు మోస్తుంది, మరొకటి 48 కోట్ల దగ్గరే ఆగిపోతుంది. మూతులన్నీ ఒకటైనా మాటలు ఒకటి కాలేదు.

తిరిగి నా పెట్టె దగ్గరకు వస్తాను. పారలల్ మూతిని యూఎస్‌బీకి కలిపే తీగ దొరుకుతుందని విని తెప్పించాను. మూతి చక్కగా పట్టింది. పెట్టె పలకలేదు. ఆ తీగ తనను తాను ప్రింటరుగా పరిచయం చేసుకుంటుంది, ప్రింటరుతో తప్ప మరొకరితో మాట్లాడదు. జిప్ డ్రైవ్ ఆ ద్వారాన్ని వాడుకునే తీరు వేరు. ఆకారం కుదిరినా మర్యాద కుదరలేదు.

చివరకు విజయవాడలో పాత కంప్యూటర్లు బాగుచేసే ఒక దుకాణంలో పారలల్, యూఎస్‌బీ రెండూ ఉన్న ముసలి యంత్రం దొరికింది. దేహళీదీప న్యాయమంటే ఏమిటో విద్యార్థులకు ఎన్నోసార్లు చెప్పాను. గడప మీది దీపం ఇంటినీ వాకిలినీ వెలిగిస్తుంది. ఆ యంత్రం అటువంటిది. పళ్ళెం గిర్రున తిరిగిన శబ్దానికి నా గుండె కూడా తిరిగింది. దస్త్రాలు పెన్‌డ్రైవులోకి వచ్చేశాయి. అరగంట పని.

ఇంటికి వచ్చి తెరిచాను. తెర నిండా టోపీలు పెట్టుకున్న రోమను అక్షరాలు, పౌండు గుర్తులు, విరామ చిహ్నాలు. ఒక్క తెలుగక్షరం లేదు.

కారణం మీకు తెలిసిందే. ఆ రోజుల్లో తెలుగు ఖతులన్నీ 256 గదుల్లో ఎవరికి వారు ముక్కలు సర్దుకున్నవి. ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో గుడి, మరొక గదిలో వత్తు. ఒకరి తలకట్టు గదిలో మరొకరి కొమ్ము ఉండేది. ఆ ఖతి లేకపోతే ఆ దస్త్రం అరణ్యరోదనం. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి ప్రతిలోనే తెలుగుకు చోటు దొరికింది. అది ఆకారానికి కాక అక్షరానికే సంఖ్య ఇచ్చింది. అ అంటే 0C05, క అంటే 0C15, ప్రపంచంలో ఏ యంత్రంలోనైనా. కీబోర్డు మీటకు తెలుగు రాదు, ఇంగ్లీషూ రాదు. ఏ మీట నొక్కారో ఆ సంఖ్య మాత్రమే తీగ మీద పంపుతుంది. దాన్ని అక్షరం చేసేది లోపలి ఒడంబడిక. ఆ ఒడంబడిక వల్లనే లేఖినిలో కొట్టిన నా మాట సముద్రాల ఆవల మీ తెర మీద విరగకుండా నిలుస్తున్నది. నేను 1998లో కొట్టినప్పుడు అది ఉంది. నాకు తెలియదు, నా ఖతికీ తెలియదు.

ఆ పూర్వ విద్యార్థి, నేను కలిసి ఏ గదిలో ఏ ముక్క ఉండేదో పట్టిక వేసుకున్నాము. పాత అచ్చుప్రతి పుటలు నాలుగు దొరకడం వల్ల అది సాధ్యమయింది. మూడు నెలలు పట్టింది. తొలి పుట మారి తెర మీద "కాడి" అని అక్షరాలా కనిపించిన సాయంత్రం నేను కాసేపు వీధిలోకి వెళ్ళి నిలబడ్డాను.

ముప్ఫై ఒక్క మాటల్లో వత్తులు చెదిరిపోయాయి. అర్థాన్ని బట్టి ఇరవై ఏడు దిద్దాను. నాలుగు మాత్రం తేలలేదు. మాస్టారు ఉంటే ఒక్క నిమిషంలో చెప్పేవారు. ఆయనను అడిగే ద్వారం ఏ సంస్థా చేయదు.

మన సంధుల్లో రెండు అచ్చులు కలిస్తే ముందుది పోయి వెనుకది నిలుస్తుంది. పోయినదాని అర్థం మాత్రం మాటలో ఉండిపోతుంది. యంత్రాల సంధి అలా కాదు. పాతది పోతే దానితో పాటు దాని వెనుకనున్నదంతా పోతుంది, ఎవరో ఒకరు పూనుకుని మోస్తే తప్ప. మీ అటకల మీద ఫ్లాపీలూ పళ్ళేలూ ఉంటే, రెండు ద్వారాలున్న యంత్రాలు దొరికే ఈ కొద్ది కాలంలోనే దించండి. దించినదాన్ని యూనికోడులోకి మార్చి, ఒకటికి రెండు చోట్ల పెట్టండి.

ఆ నాలుగు మాటలనూ వచ్చే టపాలో ఉన్నవి ఉన్నట్టుగా ఉంచుతాను. కృష్ణా పశ్చిమ డెల్టాలో సేద్యపు ఇళ్ళ నుంచి వచ్చినవారు చూసి, మీ ఇంటి పెద్దలను అడిగి, వ్యాఖ్య రాస్తే మాస్టారి ఋణం మరి కాస్త తీరుతుంది.

స్వస్తి.